మధ్యాహ్నం తిరగలి

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. చిన్నప్పటినుంచీ అంతే. మా నాన్నగారు గుడివాడలో బడిపంతులు. నేను పెరట్లో ఏదో కదిలిందని జడుసుకుంటే, చెయ్యి పట్టుకుని అక్కడికే తీసుకెళ్ళి, దండెం మీద ఆరేసిన ఆయన పంచెనే చూపించి, ఇదేనా నీ దయ్యం అని నవ్విన మనిషి. ఆయన కడుపున పుట్టిన నేను ఇలాంటి సంగతి రాయాల్సి రావడమే నాకు చిరాకు. జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి.

మా తమ్ముడి మనవరాలు రేడియోలో పాటలు పెట్టుకుంటే తప్ప లెక్కలు చెయ్యలేదు. చప్పుడు లేకపోతే చదువు ఎక్కదంటుంది. ఎలాంటి పాటలైతే మంచివి మామ్మా అని నన్నే అడుగుతుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని కేకలేస్తారు. నేను మాత్రం ఏమీ అనను, ఎందుకంటే నేను చదువుకున్నది తిరగలి చప్పుడులో.

అప్పుడు నాకు పాతికేళ్ళు లేవు. మావారు బందరులో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తా. జ్వరం వచ్చి పోయారు. పిల్లల్లేరు. ఇంట్లో నేనూ, మా అత్తగారూ, ఇద్దరమే మిగిలాం. ఇల్లు చిన్నదే. వీధి గది, మధ్య గది, పెరటివైపు వసారా, దానికి ఆనుకుని వంటిల్లు. మామగారి తమ్ముడు, మా చినమావయ్యగారు, దివిసీమలో వ్యవసాయం చేయించేవారు. ఇంట్లో ఆయనకీ వాటా ఉంది. బియ్యం, మినుములు ఆయనే పంపేవారు. కాబట్టి ఆయన మాటే మాట.

మావారి పెద్దకర్మ అయిన మర్నాడే ఆయన అరుగు మీద కూర్చుని, వీధిలో నలుగురూ వినేట్టు, మన ఇంటి ఆడది బడికీ గుడికీ తిరగడానికి వీల్లేదని తీర్మానం చేశారు. నన్నెవరూ అడగలేదు. మా అత్తగారు గుమ్మం వెనకాల నిలబడి విన్నారు.

నేను ఊరుకోలేదు. ఎనిమిదో తరగతి పరీక్ష ప్రైవేటుగా కట్టి గట్టెక్కితే, ఊళ్ళోనే ఆడవాళ్ళ ట్రైనింగు స్కూల్లో చోటు దొరుకుతుందని మా తమ్ముడు కనుక్కొచ్చాడు. చదివినన్నాళ్ళూ స్టైపెండు ఇస్తారు, ఆ తరవాత ఉద్యోగం. అది తప్పితే నాకు మిగిలింది దివిసీమలో చినమావయ్యగారింట్లో జీతం లేని వంటమనిషి బతుకు. ఇందులో అనుమానం ఏమీ లేదు, ఆయన నోటితోనే అన్నారు, మా ఇంట్లో చెయ్యి సాయానికి మనిషి కావాలమ్మాయ్ అని. తమ్ముడు గుడివాడ నుంచి రైల్లో పుస్తకాలు తెచ్చి పడేసి వెళ్ళాడు.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు బంగారం అయిపోయింది. రాత్రి చదువుదామంటే దీపం లేదు. పొద్దున వంట, నీళ్ళు, అంట్లు. ఇక మిగిలింది మధ్యాహ్నమే. భోజనాలయ్యాక అత్తగారు కాసేపు నడుం వాలుస్తారు. అప్పుడు మధ్య గదిలో నా ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. మాకు పైకి చదవడమే అలవాటు. నాన్నగారు అలాగే నేర్పారు, గొంతు విప్పి చదివితేనే బుర్రలో నిలుస్తుందని.

మొదటిరోజు నేను ఒక పేజీ చదివానో లేదో, అత్తగారు చాప మీంచి లేచారు. వసారాలోకి వెళ్ళి తిరగలి ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. చేటలో మినుములు పెట్టుకుని విసరడం మొదలుపెట్టారు. గరగర, గరగర. మా తిరగలి పెద్దది, పాతది. పై రాయి తిరిగే చోట ఎక్కడో చిన్న ఎగుడు ఉంది. చుట్టు తిరిగినప్పుడల్లా ఒక్కసారి 'టక్' మంటుంది. గరగర, టక్. గరగర, టక్. నా గొంతు నాకే వినపడలేదు.

పోనీ ఇవాళ పప్పు లేదేమో అనుకున్నాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నేను పుస్తకం తీస్తే ఆవిడ తిరగలి తీస్తారు. నేను పుస్తకం మూస్తే ఆవిడ చేతులు దులుపుకుని లేస్తారు. ఇంట్లో మినుములు అయిపోయాయి. పక్కింటి కనకమ్మగారి దగ్గర పెసలు అడిగి తెచ్చి మరీ విసిరారు. అవీ అయిపోతే ఎదురింటివాళ్ళ కందులు. ఊరికే విసిరి పెడుతుంటే ఎవరికి చేదు? వీధి వీధంతా చేటలు పట్టుకుని మా ఇంటికి క్యూ కట్టింది. ఎంత పనిమంతురాలో మీ అత్తగారు అని నన్ను మెచ్చుకునేవాళ్ళు. నేను పళ్ళు నూరుకునేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, ఆ విసిరేదేదో పొద్దున విసురుకోకూడదా అత్తయ్యగారూ అని. ఆవిడ తలెత్తి కూడా చూడలేదు.

"నీ పుస్తకం నీది, నా తిరగలి నాది. నేనేమన్నా నిన్ను ఆపానటే?"

ఆ మాటతో నాకు మండిపోయింది. ఆపడం అంటే మరింకేమిటి? పుస్తకం లాక్కుంటేనే ఆపినట్టా? సరే, మీరు విసరండి, నేను చదువుతాను, ఎవరు ముందు అలిసిపోతారో చూద్దాం అనుకున్నాను. తిరగలిని మించి గొంతు పెంచి చదివాను. చరిత్ర, భూగోళం, లెక్కలు, అన్నీ ఆ గరగరలోనే. మొదట్లో తల పగిలిపోయేది. ఆ తరవాత తరవాత చప్పుడు వినపడడమే మానేసింది. 'టక్' దగ్గర ఒక వాక్యం ముగించడం, మళ్ళీ 'టక్' దగ్గర ఇంకొకటి, అలా అలవాటు పడిపోయింది. అత్తగారి మీద కోపంతో నేను చదివినంత చదువు ప్రేమతో ఎవరూ చదివి ఉండరు.

ఆ చలికాలంలో అత్తగారికి దగ్గు పట్టుకుంది. దగ్గుతూనే విసిరారు. చివరికి మంచం పట్టారు. నేను చెయ్యాల్సిందంతా చేశాను, అందులో లోటు చెయ్యలేదు, ఆవిడే వచ్చి చెప్పినా ఇదే చెబుతారు. పోయేముందు ఒక మధ్యాహ్నం కషాయం తాగించి దిండు సర్దుతుంటే, కళ్ళు మూసుకునే అన్నారు.

"ఇవాళ పుస్తకం తియ్యలేదేమే?"

మీ సంతోషం కోసం తియ్యలేదు అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆవిడ మళ్ళీ ఏమైనా అంటారేమోనని చూశాను. గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ వారంలోనే పోయారు.

కర్మలన్నీ చినమావయ్యగారే చేశారు. వెళ్ళేటప్పుడు, ఒంటరి ఆడది ఇక్కడెందుకు, ఎండలు ముదరకముందే బండి పంపిస్తాను, సామాను సర్దుకో అన్నారు. నేను తలూపాను. నా పరీక్ష అంతకుముందే ఉంది. ఆ సంగతి ఆయనకి తెలియదు, నేను చెప్పలేదు.

ఇల్లు ఖాళీ. మధ్యాహ్నం. తిరగలి చప్పుడు లేదు. హమ్మయ్య, ఇక హాయిగా చదువుకోవచ్చు అని పుస్తకం తెరిచాను.

ఒక్క ముక్క ఎక్కలేదు.

వాక్యం మొదలుపెడితే చివర ఎక్కడ ఆపాలో తెలియదు. చదివిన లైనే మళ్ళీ చదువుతున్నాను. చెవులు దేనికోసమో ఎదురు చూస్తున్నాయి. రెండురోజులు, మూడురోజులు చూశాను, అదే తంతు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బతికున్నప్పుడు చప్పుడు చేసి చంపింది, చచ్చాక చప్పుడు లేకుండా చంపుతోంది మహాతల్లి అని తిట్టుకున్నాను.

ఇంకేదైనా చప్పుడు దొరుకుతుందేమో చూశాను. వీధి గదిలో కూర్చుంటే జట్కాల స్టాండు వినపడుతుంది. కానీ ఆ బండివాళ్ళు కిరాయి దగ్గర కొట్టుకునే మాటలన్నీ నా భూగోళంలోకి దూరిపోయాయి. మాటలున్న చప్పుడు పనికిరాదు. వెనక సందులో అద్దకం పాక ఉంది. గుడ్డ మీద చెక్క అచ్చు పెట్టి అరచేత్తో గుద్దే చప్పుడు బాగానే ఉంటుంది, ధప్ ధప్ అని. పెరటిగోడ దగ్గర నీడలో కూర్చుని ప్రయత్నించాను. వాళ్ళు రంగు మార్చడానికి ఆగినప్పుడల్లా నా బుర్రా ఆగిపోయేది. బావి గిలక, కాకుల గోల, పక్కవీధి బడిలో పిల్లల ఎక్కాలు, అన్నీ అయ్యాయి. ఎక్కాలు విన్నరోజున సాయంత్రానికి నాకు పందొమ్మిదో ఎక్కం తప్ప ఇంకేమీ గుర్తులేదు.

ఆఖరికి సిగ్గు విడిచి తిరగలి ముందే కూర్చున్నాను. ఒక చేత్తో పిడి పట్టుకుని తిప్పుతూ, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదివాను. చెయ్యి నొప్పి పుట్టింది, పేజీలు తిప్పడానికి కుదరలేదు, అన్నిటికంటే ముఖ్యంగా ఆ చప్పుడు పనిచెయ్యలేదు. మనకి మనం గిలిగింతలు పెట్టుకుంటే నవ్వు రాదు చూడండి, అలాగన్నమాట.

ఆరోజు కోపం నెత్తికెక్కింది. పై రాయిని రెండు చేతులా ఎత్తి, పెరటి వసారా గోడకి నిలబెట్టేశాను. పిడి ఊడబెరికి, నా ట్రంకు పెట్టెలో పడేసి తాళం వేశాను. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కింది రాయి నేలలో పాతిపెట్టి ఉంది. పై రాయి గోడకి ఉంది. పిడి తాళం వేసిన పెట్టెలో ఉంది. ఆ పెట్టె మీదే నా పుస్తకం ఉంది.

మర్నాడు మధ్యాహ్నం పుస్తకం తెరిచాను. కాసేపటికి, గరగర.

మొదట నేను గమనించనే లేదు. అంత అలవాటైన చప్పుడు. చదువుకుంటూ పోతున్నాను, వాక్యం తరవాత వాక్యం నీళ్ళు తాగినట్టు దిగిపోతోంది. నాలుగో పేజీ దగ్గర, ఒకచోట 'టక్' మన్నాక, నా గొంతు ఆగిపోయింది.

లేచి వసారాలోకి వెళ్ళాను. ఎండ సూటిగా పడుతోంది. రాయి గోడకే ఉంది. చప్పుడు లేదు. పక్కింట్లో విసురుతున్నారు కాబోలు అనుకున్నాను. కానీ ఆ 'టక్' మా రాయిది. ఇన్నినెలలు దాంతో యుద్ధం చేసినదాన్ని, నాకు తెలియదా? పైగా ఉత్త తిరగలి చప్పుడు వేరు, గింజ పడ్డ తిరగలి చప్పుడు వేరు. నేను విన్నది గింజ పడ్డ చప్పుడు.

మా నాన్నగారి కూతుర్ని కనక, ఇది నా చెవుల భ్రమ అని తేల్చేసుకున్నాను. తేల్చుకున్నానో లేదో, ఆ సాయంత్రమే కనకమ్మగారు చేట పట్టుకుని వచ్చారు. చేటలో మినుములు.

"రేపు విసిరేటప్పుడు ఇవీ కాస్త పొయ్యి తల్లీ. అచ్చం మీ అత్తగారి చెయ్యే వచ్చేసింది నీకు."

నేను చేట అందుకోలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి పంపేశాను. ఆవిడకీ వినపడిందన్నమాట. నా చెవులకి భ్రమ ఉంటే ఉండొచ్చు, గోడ అవతల ఉన్న ఆవిడ చెవులకేం వచ్చింది?

మర్నాడు మళ్ళీ మొదలైంది. భయం వేయలేదని అబద్ధం చెప్పను. కానీ భయాన్ని తోసుకుని కోపం వచ్చేసింది. నిప్పులు తొక్కినట్టు లేచి వసారా గుమ్మంలో నిలబడి అరిచాను, చచ్చినా నన్ను చదవనివ్వరా అని. చప్పుడు అక్కడికక్కడే ఆగిపోయింది.

మంచిదే కదా. వచ్చి కూర్చున్నాను. ఇల్లంతా నిశ్శబ్దం. పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి తప్ప ఒక్కటీ లోపలికి రావడంలేదు. కూర్చున్నాను, కూర్చున్నాను. పరీక్ష దగ్గరికొచ్చేసింది. దివిసీమ బండి కళ్ళ ముందు కనపడుతోంది. నా గతికి నాకే అసహ్యం వేసింది. చివరికి లేచి, మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి చూడకుండా, ముఖం పక్కకి పెట్టుకుని అన్నాను.

"సరే, కానివ్వండి."

వెనక్కి వచ్చి పెట్టె ముందు కూర్చునేలోపు మొదలైంది. గరగర, టక్.

అప్పటినుంచి పరీక్ష దాకా ప్రతి మధ్యాహ్నం అంతే. నేను పుస్తకం తీస్తే మొదలు, మూస్తే ఆఖరు. నేను వసారాలోకి తొంగిచూడడం మానేశాను. మాట్లాడలేదు, దండం పెట్టలేదు. ఆవిడ పని ఆవిడది, నా పని నాది.

పరీక్ష ఇంకో వారంలో ఉందనగా చినమావయ్యగారు ఊడిపడ్డారు. మధ్యలో కొన్నాళ్ళు తిరగలి లేక నా గొంతు వీధిలోకి వినపడింది కదా, ఎవరో మోసేశారు. మీ కోడలు రోజూ ఏదో గట్టిగా చదువుతోందండోయ్ అని. ఆయన చెప్పాపెట్టకుండా పడవలో ఏరు దాటి, బండెక్కి, సరిగ్గా మధ్యాహ్నం వేళకి వచ్చారు. నేను లోపల గొంతెత్తి లెక్కల సూత్రాలు చదువుతున్నాను. తలుపు తట్టినట్టయింది. చప్పుడు ఆగింది. నేను పుస్తకం పెట్టె వెనక్కి తోసి వెళ్ళి తలుపు తీశాను.

ఆయన ముఖం చాలా శాంతంగా ఉంది. అరుగు మీద చాలాసేపటినుంచీ నిలబడే ఉన్నారట. "తిరగలి చప్పుడు తప్ప ఏమీ లేదు. పనికిమాలిన వెధవలు, లేనిపోనివి మోస్తారు" అని ఎవరినో తిట్టి, నువ్వు విసురుకో అమ్మాయ్, నేను కాళ్ళు కడుక్కొస్తాను అంటూ పెరటివైపు నడిచారు. నేను అడ్డం వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పను?

వసారాలో ఆయన అడుగులు ఆగిపోయాయి. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆయన గోడకి నిలబెట్టిన రాయి వంక చూశారు. నేలలో ఉన్న కింది రాయి వంక చూశారు. దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. ఒక్క గింజ లేదు, పొట్టు లేదు. నాకేసి తిరిగేసరికి ఆయన పెదాలు తెల్లబడిపోయాయి.

"మరి ఇందాకటినుంచీ విసిరిందెవరు?"

"అత్తయ్యగారు" అన్నాను.

కావాలని భయపెట్టడానికి అనలేదు. నిజం అదే, అంతకంటే వేరే జవాబు నా దగ్గర లేదు. ఆయన కాళ్ళు కడుక్కోలేదు, మంచినీళ్ళు తాగలేదు. వచ్చిన బండిలోనే వెళ్ళిపోయారు. నా పరీక్ష అయ్యేదాకా మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు.

పరీక్ష హాలు మహా నిశ్శబ్దంగా ఉంది. కాగితం చేతికిచ్చారు. చూస్తే అన్నీ చదివినవే, ఒక్కటీ గుర్తులేదు. చెవులు రిక్కించాను. వస్తుందేమోనని చూశాను. ఎక్కడో కాకి అరిచింది, అంతే. ఇంట్లో అయితే ఏడాది పొడుగునా చెవులు చిల్లులు పడేలా విసిరారు, ఇప్పుడు కావలసి వచ్చేసరికి ముఖం చాటేస్తారా? నా బతుకు ఈ కాగితం మీద ఉందని మీకు తెలియదా? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే. ఆ కోపంలోనే కలం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. గంట కొట్టేదాకా తలెత్తలేదు.

ప్యాసయ్యాను. ట్రైనింగు స్కూల్లో చోటు దొరికింది. చినమావయ్యగారు ఒకసారి వచ్చి అరుగు మీదే కూర్చుని, సరే నీ ఇష్టం అన్నారు. లోపలికి రమ్మన్నా రాలేదు. వెళ్తూ వెళ్తూ, వదిన తిరగలి నువ్వే ఉంచుకో, మాకొద్దు అన్నారు.

పరీక్షల తరవాత ఒక్కసారి కూడా ఆ చప్పుడు వినపడలేదు. పై రాయి దించి, పిడి బిగించి, కనకమ్మగారి మినుములు విసిరి ఇచ్చాను. ఆవిడ మామూలుగానే ఒక మాట అన్నారు. ఎవరు నేర్పారే తల్లీ నీకింత చదువు, ఇన్నాళ్ళూ గోడ పక్కనే ఉండి మాకే తెలియలేదు, ఎప్పుడు విన్నా తిరగలి చప్పుడేగా అని. నా చెయ్యి పిడి మీదే ఆగిపోయింది.

మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. ఇది విన్నవాళ్ళందరూ అదే అంటారు. మీ అత్తగారు మహాతల్లి, నీ గొంతు వీధిలోకి వినపడకుండా కాపు కాసింది అని కళ్ళు తుడుచుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. అలాగైతే ఆ మాట చెప్పడానికి ఆవిడకేం అడ్డమొచ్చింది? ఒకే కప్పు కింద ఉన్నాం, ఒకే కుండలో అన్నం తిన్నాం. చదువుకోవే, నేనున్నాను అని ఒక్క ముక్క అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? నన్ను అంతకాలం కోపంతో ఉడికించి, జవాబు చెప్పకుండా వెళ్ళిపోతారా? అదేం కాదు, నన్ను పాడుచెయ్యడానికే విసిరారు, చచ్చాక కూడా అందుకే వచ్చారు అనుకుందామంటే, ఆ గుమ్మంలో నేను కానివ్వండి అన్నప్పుడు మొదలైన చప్పుడు గుర్తొస్తుంది. ఎటూ తేలదు. రాయి లేకుండా రాయి చప్పుడు ఎలా వచ్చిందన్నది అసలే తేలదు. ఇన్నేళ్ళలో నాకు తెలిసిన చదువంతా పెట్టి ఆలోచించాను.

గూడూరుకి బదిలీ వేసినా, బంటుమిల్లికి వేసినా, నా సామాను బండిలో ముందు ఎక్కేది, నేలలోంచి తవ్వి తీయించిన ఆ తిరగలే. పంతులమ్మకి పుస్తకాల కంటే రాళ్ళు ఎక్కువని బండివాళ్ళు నవ్వేవారు. ఇప్పుడు రిటైరయ్యాను. చదవాల్సిన పరీక్ష ఏదీ లేదు. అయినా మధ్యాహ్నం భోజనం చేసి, తిరగలి పక్కన చాప వేసుకుని, రోజూ ఒక పుస్తకం తీస్తాను. ఇవాళ పుస్తకం తియ్యలేదేమే అని ఆవిడ అన్న మాట మెచ్చుకోలో ఎత్తిపొడుపో, ఆ చప్పుడు మళ్ళీ వినపడిన రోజున ముందు అదే అడుగుతాను.